ఆనకట్ట నాటి ఉయ్యాల

ధవళేశ్వరంలో ఆవిరి పడవకు చుక్కాని పట్టే సరంగు కావాలన్నారు. నలభై దాటినవాడు పనికిరాడట. చేపలు పట్టుకుని బతికే మా ఇళ్లలో పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టరు, అదే నా ధైర్యం. మా ఆవిడ గుంటగలగరాకు నూరి, నెరుపు కనబడకుండా నా జుట్టుకీ మీసాలకీ పట్టించింది.

తీరా వెళితే రేవు నిండా కుర్రాళ్లే. వాళ్లలో కొందరికి పడవకు గడ వేయడం నేర్పింది నేనే. ఒళ్లు మండిపోయింది.

పనికి ఎంచుకునే గుమాస్తాగారు వయసు అడిగారు. "ముప్పై ఎనిమిదండి" అన్నాను. ఆయన తలూపి, "గోదారి నీకు ఎన్నాళ్లుగా తెలుసు?" అన్నారు.

కుర్రాళ్లందరికీ వినబడేలా చెప్పాను. "ఆనకట్ట కట్టేటప్పుడు మా అమ్మ నన్ను గట్టు మీద ఉయ్యాల్లో వేసి రాళ్లు మోసిందండి. అప్పట్నించీ తెలుసండి."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. గుమాస్తాగారు నవ్వలేదు. "ఆనకట్టకే నలభై దాటిపోయాయి కదయ్యా. ఇంక వెళ్లు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని పొరుగావిడకు ఆ రాళ్ల కథే చెబుతోంది. నన్ను చూసి, "ఏరా, అప్పటికి నువ్వు నెలల పిల్లాడివే కదా?" అంది.

అవునన్నాను.