బండన్న వేసిన ఒకే ఒక్క గోలు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పట్లో మా అనంతపురం వైపు సన్మాన పత్రం లేకుండా ఏ మనిషీ రిటైరయ్యేవాడు కాదు. తాసిల్దారు కానీ, మంత్రసాని కానీ, ఒక శాలువా, ఒక చామంతి దండ, గులాబీ రంగు కాగితం మీద అచ్చేయించి అద్దం కట్టించిన పత్రం చేతిలో పెట్టి గాని ఇంటికి పంపేవాళ్లు కాదు. యాడికి అనే ఊరికి దగ్గర్లోని ఒక పల్లె హైస్కూల్లో నేను తెలుగు అయ్యవారుగా కొత్తగా చేరాను. పత్రాలు రాసే పని అడక్కుండానే నా నెత్తిన పడింది. (అడక్కుండానే అనడం అబద్ధం. ఎవరు రాస్తారన్న మాట వచ్చినప్పుడు రెండుసార్లు నేనే దగ్గాను.) నాకు ఇరవై మూడేళ్లు. మీసం ఇంకా సరిగా రాలేదు గాని, సంబోధనలు మాత్రం ధారాళంగా వచ్చేవి. ‘సుగుణరత్నాకరా’ అని మొదలుపెట్టానంటే కాగితం అయిపోయేదాకా ఆగేవాణ్ణి కాదు.

ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఎండిన చెరువులో ఆడేవాళ్లు. చెరువు నిండితే ఆట ఆగిపోవాలి, అది నిండింది లేదు, అందుచేత ఏళ్ల తరబడి ఆగలేదు. ఆటగాళ్లలో సగం మంది సేద్యగాళ్లే. వాన కోసం మొక్కుకునేదీ వాళ్లే, మబ్బు పడితే గోలుపోస్టుల వంక దిగులుగా చూసేదీ వాళ్లే. ఆ జట్టుకు బ్యాక్ ఆడేవాడు బండన్న. గోల్‌కీపరుకు ముందు నిలబడి, ఎదుటివాళ్ల బంతిని అడ్డుకోవడం అతని పని. పగలంతా దూది ఏకి పరుపులు కుట్టేవాడు, సాయంత్రం బూట్లు లేని కాళ్లతో బండలా నిలబడేవాడు. అలా పద్దెనిమిదేళ్లు నిలబడ్డాక, మోకాలు మాట వినడం లేదు, ఇక దిగనని చెప్పేశాడు. ఊరంతా దిగాలు పడింది. ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. జట్టు పెద్ద రెడ్డిగారు నన్ను పిలిపించి, “పత్రం బాగా రాయి అయ్యవారూ. ఈ మనిషికి మేము ఇచ్చేది ఇదొక్కటే,” అన్నారు.

పత్రంలో సంబోధనల తర్వాత ఘనకార్యాలు రావాలి. వాటిని ఏరుకోవడానికి జట్టు అభిమానులు చేరే టీ హోటలుకు వెళ్లాను. హోటలు మామ, బస్సు ఏజెంటు, ఇద్దరూ ఒక్క ఆట కూడా వదలనివాళ్లు.

“మడకశిరోళ్లకు ఒగ ఫార్వర్డు ఉండె. గుర్రం మాదిరి వచ్చేటోడు,” అన్నాడు హోటలు మామ. “మా బండన్న ఆడ నిలబడినాడు.”

“నిలబడి ఏం చేశాడు?”

“ఏం చేసేదప్పా? నిలబడినాడు. వాడు ఎనక్కి పోయినాడు.”

బస్సు ఏజెంటు అందుకున్నాడు. “ఒగ తూరి నేను ఆట మధ్యలో నిద్రపోయినా. మనం ఓడిపోతామని భయం ఉంటే నిద్ర పడుతాదా? బండన్న ఉండాడు గదా అని పండుకున్యా.”

దీన్ని ఏ సమాసంలో ఇరికించాలో నాకు తెలియలేదు. అతని గొప్పతనమంతా జరగనివాటిలోనే ఉంది. జరగనివి పత్రంలో ఎలా రాయడం? విసుగొచ్చి, పద్దెనిమిదేళ్లలో గోలు ఒక్కటైనా వేశాడా అని అడిగాను. హోటలు మామ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచాడు. “ఒగటి ఏసినాడు. ఫైనల్లో,” అన్నాడు. ఏజెంటు బస్సు వస్తోందని లేచాడు. (బస్సుకు ఇంకా గంట ఉంది.) “అది రాసేదేముండాదిలే. టీ సల్లారిపోతాండాది, తాగు,” అన్నాడు మామ. ఎంత వినయమైన ఊరు అనుకున్నాను.

ఇంటికొచ్చి రాశాను: ‘ఫైనలు పోటీయందు మెరుపువలె గోలు సాధించి, ఈ పురజనుల హృదయములలో శాశ్వతముగా నిలిచిన వీరవర్యా!’ పత్రం తాడిపత్రిలో అచ్చయి, సభ రోజే బస్సులో వచ్చింది. అలాంటి పత్రాలు ఎవరూ ముందుగా చదవరు. తర్వాత కూడా చదవరనుకోండి.

సభ చెరువులోనే పెట్టారు. బండన్న ఇస్త్రీ చొక్కాతో బెంచీ మీద, ఎవరో కూర్చోమంటే కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను చదువుతుంటే ఒక్కొక్క సంబోధనకు చప్పట్లు మోగాయి. గోలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. హోటలు మామ తల దించుకున్నాడు. రెడ్డిగారు చేతికర్ర వంక చూస్తున్నారు. జనానికి గుండె నిండి మాట పెగలడం లేదనుకుని, ఆ వాక్యాన్ని ఇంకాస్త గొంతు పెంచి రెండోసారి చదివాను.

రెడ్డిగారు నా చేయి పట్టి కిందికి లాగారు. “అయ్యవారూ, ఆ గోలు మన పోస్టులోనే పడింది,” అన్నారు మెల్లగా. మడకశిర జట్టుతో ఫైనలు. బంతి చెరువు పగులులో పడి ఎగిరింది. బండన్న దాన్ని బయటికి తన్నబోతే వెనక్కి తిరిగి మన గోల్లోకే పోయింది. కప్పు వాళ్లు పట్టుకుపోయారు. “తొమ్మిదేండ్లాయె. ఆ మాట ఊర్లో ఎవ్వరమూ ఆయప్ప ముందర ఎత్తలేదు,” అన్నారు. ఎదురుగా ఉన్న పగుళ్లలో ఏదైనా నేను పట్టేంతది ఉందా అని నిజంగానే చూశాను. ఒక ఊరు తొమ్మిదేళ్లు కాపాడిన మర్యాదను నేను రెండుసార్లు చదివి పారేశాను.

అప్పుడు బండన్న మోకాలు పట్టుకుని లేచాడు.

“ఆ గోలు నేనేసిందే. అయ్యవారు అబద్ధం సదవలేదు,” అన్నాడు. “ఆ పొద్దు మీరంతా మా ఇంటిదాకా నా ఎనకాలే వస్తిరి. ఒగరు గూడా ఒగ మాట అనలేదు. మరుసటి దినం పరుపులు కుట్టించుకోను వస్తిరి. అక్కర లేనోళ్లు గూడా వస్తిరి. నా మనసు నొచ్చుకుంటాదని మీరు భయపడినారు, నాకు తెలుసు. తిట్టింటే ఆ బాకీ ఆ పొద్దే తీరిపోయిండేది. మీరు తిట్టకపోతిరి. ఎట్లన్నా తీర్చుకోవల్లని తొమ్మిదేండ్లు ఆడినా. ఈ మోకాలు అందుకే పోయింది.”

హోటలు మామ లేచాడు. “నిజం చెప్తా బండన్నా. ఆ పొద్దు నేను అన్నం తినల్యా. నిన్ను పట్టుకుని కొట్టాలనిపించె.”

“కొట్టింటే బాగుండె మామా,” అన్నాడు బండన్న.

ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వారు. ఇక ఆగలేదు. ఆ పగులు ఇక్కడుండిందని ఒకరు, కాదు అక్కడని ఒకరు, లేచిపోయి చూపించడం మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లు దాచుకున్నదంతా అతని ముందే చెప్పుకున్నారు. బండన్న కొత్త శాలువా కొసతో కళ్లు తుడుచుకుంటూ, “ఇంకా ఇట్ల, ఎడమపక్కకు,” అని సరిదిద్దాడు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

జనం పోయాక దగ్గరికెళ్లి, ఆ వాక్యం తీసేసి మళ్లీ అచ్చేయిస్తానన్నాను. అతను ఫ్రేమును చంకలో గట్టిగా పెట్టుకున్నాడు.

“అది తీసేస్తే ఇంక దీంట్లో నాదేముండాది అయ్యవారూ? మిగతాదంతా తాసిల్దారుకు గూడా రాసింటివి గదా.”

చాలా ఏళ్లకు నేనూ హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నా శిష్యుడొకడు పత్రం రాశాడు. సుగుణరత్నాకరుణ్ణి కూడా అయ్యాను. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివాను. ఒక్క తప్పూ లేదు, అందులో నేనూ లేను. ఫ్రేము తిరగేసి, వెనక అట్ట మీద పెన్సిల్‌తో నేనే ఒక వాక్యం చేర్చుకున్నాను: ‘ఇరవై మూడేళ్ల వయసులో, ఎండిన చెరువులో నిలబడి, బండన్న గోలును రెండుసార్లు చదివాడు.’