వరసలక్క పన్నెండో చందా

ఫోన్ ఎత్తిన మనిషి గొంతును బట్టి వయసు కట్టేస్తుంది మా ఆఫీసులో ఒకావిడ. అరవై దాటినట్టుంటే బాబాయ్ గారు, పిన్నిగారు. నలభై అయితే అన్నయ్యగారు, వదినగారు. అంతకు తక్కువైతే నాన్నా, తల్లీ. సర్ అనే మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. అందుకే మేమందరం వరసలక్క అంటాం, మొహం మీదే అంటాం. కోపం తెచ్చుకోదు. కోపానికి ఓపిక కావాలి కదా.

మాది మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు నర్సుల్ని పంపే సంస్థ. వాళ్లు వెళ్లి పుళ్లకు కట్లు మారుస్తారు, పక్కకు తిప్పి పడుకోబెడతారు, ఒళ్లు తుడుస్తారు. పైసా తీసుకోరు. ఆ నర్సులకు జీతాలు ఇవ్వాలంటే ఎవరో ఒకరు జనాన్ని అడగాలి. ఆ అడిగేవాళ్లం మేము. మూడో అంతస్తులో ఒకే కిటికీ ఉన్న గది, ఆరు కుర్చీలు, ఆరు ఫోన్లు. నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి కొంత సొమ్ము దానంతటదే మా సంస్థకు వచ్చేలా ఒప్పించాలి. దాన్నే చందా అంటాం. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లు మా లెక్కలోకి రారు.

నేను కాలేజీ మధ్యలో వదిలేసి, నాలుగు చోట్ల ఇమడలేక ఇక్కడికొచ్చి పడ్డాను. నా కుర్చీ ఆవిడ పక్కనే. ఆవిడ ఇరవై రెండేళ్లు బట్టల దుకాణంలో నిలబడి అమ్మిన మనిషి. దుకాణం మూతపడ్డాక ఇక్కడ కూర్చుంది. లారీ నడిపే మొగుడు చూపు మందగించి ఇంట్లోనే ఉంటున్నాడు. రెండు నోళ్లకూ ఈ కుర్చీయే ఆధారం.

రోజుకు నూట నలభై నంబర్లు తిప్పాలి. వంద మంది ఎత్తరు. ఎత్తినవాళ్లలో సగం మంది బండి నడుపుతున్నామంటారు, వెనక కుళాయి కింద గిన్నెలు మోగుతుంటాయి. "మీ జీతాలకే సరిపోతుందేమో మా డబ్బు" అనేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నాలుక మొద్దుబారిపోతుంది. ఒకాయన వరసలక్కను ఇరవై నిమిషాలు దొంగల ముఠా అని తిట్టి, చివర్లో తన మోకాలు చూడ్డానికి నర్సును పంపమన్నాడు. ఆవిడ అడ్రసు రాసుకుంది కూడా!

కిందటి నెల కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే గోడకు ఒక కాగితం అంటించాడు. నెలాఖరుకు ఒక్కొక్కరూ పన్నెండు కొత్త చందాలు తేవాలి, తేకపోతే కుర్చీ ఖాళీ చేయాలి. తర్వాత వరసలక్క దగ్గర ఆగాడు.

"ఈ బాబాయ్‌లూ పిన్నులూ ఏంటండీ? చక్కగా సర్, మేడమ్ అనండి."

"సర్ అంటే ఠక్కున పెట్టేస్తారు తమ్ముడూ. బాబాయ్ అంటే పెట్టేయడానికి కాస్త మొహమాటపడతారు. ఆ మొహమాటం తీరేలోపే నా రెండు ముక్కలూ చెప్పుకోవాలి."

తమ్ముడు అనిపించుకున్న మేనేజరు పక్క కుర్చీకి వెళ్లిపోయాడు.

ఇరవై ఎనిమిదో తారీఖుకు ఆవిడకు పదకొండు వచ్చాయి. నాకు పదమూడు. నాది వాగుడే తప్ప నైపుణ్యం ఏమీ లేదు, రెండు నా మేనమామ కుటుంబం మీద రుద్దినవే.

ఇరవై తొమ్మిదిన, మధ్యాహ్నం మూడింటికి వరసలక్క బల్ల మీద అరచేత్తో కొట్టింది. పన్నెండోది దొరికింది! ఎవరో పెద్దాయన. పేరు, బ్యాంకు ఖాతా, ఇచ్చే సొమ్ము అన్నీ గడగడా చెప్పాడట. అదీ మా మామూలు చందాకు మూడింతల సొమ్ము.

చందా ఒప్పించిన మనిషి కాకుండా ఇంకొకరు మళ్లీ ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలని మా దగ్గర ఒక పద్ధతి. ఆ వంతు నాది. మూడు ప్రశ్నలు అడిగి మూడు గళ్లలో టిక్కులు పెట్టాలి. పేరు సరిపోయింది. సొమ్ము సరిపోయింది. మూడోది, ఎవరికి ఇస్తున్నారో తెలుసా అని.

"తెలీకపోవడమేంటి బాబూ! మా అన్నయ్య కూతురికి," అన్నాడు పెద్దాయన. "నర్సుగా చేరిందట, పాపం జీతం రావట్లేదట. ఇన్నేళ్లకు బాబాయ్ గుర్తొచ్చాడు దానికి. నెలనెలా పంపుతానని మాటిచ్చాను."

"ఆవిడ మీకు ఎన్నాళ్లుగా తెలుసండీ?"

"ఎన్నాళ్లేంటయ్యా, దాన్ని ఎత్తుకుని తిప్పింది నేను!"

మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేశాను. వరసలక్క నా వైపే చూస్తోంది.

"అక్కా, నీ బాబాయ్ నిన్ను నిజంగానే వాళ్లన్నయ్య కూతురనుకుంటున్నాడు."

నవ్వింది. నేను వెక్కిరిస్తున్నాననుకుంది. ఆయనన్న మాటలన్నీ అప్పజెప్పేసరికి హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నర్సుల జీతాలకు అన్నాన్రా. నా జీతం అనలేదు."

"నువ్వనలేదు. ఆయనకలా వినబడింది."

"మధ్యమధ్యలో 'మీ నాన్న ఉంటేనా' అంటున్నాడు. ముసలాయన, ఏదో ముచ్చట అనుకున్నా. నేనూ 'అవును బాబాయ్' అన్నా."

"సర్లే, టిక్కు పెట్టేస్తా. డబ్బు చేరేది నర్సులకే కదా. నువ్వేమైనా కొంగున కట్టుకుపోతున్నావా?"

అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరి మీదికో తోయడానికి లేదు.

"పెట్టకు," అంది. కాస్త ఆగి, "కుర్చీ పోతుందిరా" అంది.

"పోతుంది."

"నువ్వు వంత పాడక్కర్లేదు, నాకు తెలుసు."

మళ్లీ ఆ నంబరు తిప్పింది. సాక్ష్యానికి నన్ను కూడా లైన్లో ఉండమంది.

"ఇందాక ఫోన్ చేసినదాన్నండీ. నేను మీ అన్నగారి అమ్మాయిని కానండీ."

"కాకపోతే బాబాయ్ అని ఎందుకన్నావే?"

"అలవాటండీ. అందర్నీ అలాగే పిలుస్తాను."

అటువైపు ఫ్యాను గరగరలాడుతోంది.

"అందర్నీనా?"

"అందర్నీ."

"మరి అదెక్కడుంది?"

"నాకు తెలీదండీ."

"బాగానే ఉందా?"

ఆవిడ పెదవి కొరుక్కుంది. "తెలీదండీ. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"సాయంత్రం పక్కింటావిడ వస్తుంది."

"రాగానే ఆవిడకు చెప్పండి, ఎవరో ఫోన్ చేసి మీ బ్యాంకు సంగతులు అడిగారని. ఇక ఎవరడిగినా చెప్పకండి. నాలాంటిది ఎంత తియ్యగా అడిగినా చెప్పకండి."

"సరేలే. మళ్లీ ఎప్పుడు చేస్తావు?"

"చేయకూడదండీ."

"ఏం?"

ఒళ్లు జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది.

కాల్ ముగించాక కంప్యూటర్లో కారణం ఎంచుకోవాలి. ఆసక్తి లేదు, తప్పు నంబరు, మరణించారు, ఇక ఫోన్ చేయవద్దు. మౌసు 'తప్పు నంబరు' మీద చాలాసేపు ఆగింది. ఆ నంబరు మా ఆరుగురిలో ఎవరికీ మళ్లీ దొరక్కూడదని చివరిది నొక్కింది.

మర్నాడు ఆఖరి రోజు. తొమ్మిది గంటలకే వచ్చి మొదలుపెట్టింది, అన్నం కూడా బల్ల దగ్గరే తింది. నూట అరవై ఏడు కాల్స్. అందర్నీ సర్, మేడమ్ అంది. ఆ మాటకు ముందు ప్రతిసారీ ఒక్క క్షణం తడబడేది, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు. ఆ క్షణంలోనే చాలామంది పెట్టేశారు. మధ్యలో ఒకసారి, "అలవాటుగానే అనక్కా, ఈ ఒక్కరోజుకీ" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆరింటికి పదకొండు పదకొండుగానే ఉంది.

పన్నెండోదాని సంగతి మేనేజరుకు నేనే చెప్పాను, కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"చాలా మంచి పని చేశారండీ," అన్నాడు ఆవిడతో. తర్వాత గోడ మీది కాగితం చూశాడు. "రైల్వే స్టేషన్ దగ్గర విరాళాల డబ్బా పట్టుకునే పని ఒకటి ఖాళీగా ఉంది. జీతం ఇప్పటిదాంట్లో మూడొంతుల్లో రెండొంతులు. పది నుంచి ఆరు దాకా. నిలబడగలరా?"

"నిలబడతాను," అంది. బల్ల సొరుగులో ఉన్న కళ్లజోడు, దగ్గు బిళ్లలు తీసుకుంది. హెడ్‌ఫోన్ తీగ చుట్టి, ముడిపడకుండా రబ్బరు బ్యాండు వేసి, నా బల్ల మీద పెట్టింది.

స్టేషన్లో ఇంకో నియమం ఉంది. డబ్బా పట్టుకున్న మనిషి నోరు తెరిచి అడగకూడదు. డబ్బా ఆడించి చప్పుడు చేయకూడదు. మెడలో కార్డు వేసుకుని ఊరికే నిలబడాలి, ఇచ్చేవాళ్లు ఇస్తారు.

మొన్న టీ తీసుకుని వెళ్లాను. టికెట్ల కిటికీ పక్కన గోడకు ఆనుకుని ఉంది. మా ముందు నుంచి వందమంది పోయి ఉంటారు. దూరం నుంచే డబ్బా చూసి, జేబులో ఫోన్ మోగినట్టు తీసి చెవికి పెట్టుకుంటున్నారు.

"ఎలా ఉందక్కా?"

"మడమలు పీకేస్తున్నాయి. నోటికి మాత్రం సెలవిచ్చారు."

ఒకాయన వచ్చి ఒక నాణెం వేసి, ఆవిడ మొహం చూడకుండానే, బాత్రూములు ఎటు అని అడిగాడు. చెయ్యి చాపి చూపించింది. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"పొద్దుట్నుంచి ఈయనతో తొమ్మిది," అంది.

"ఫర్వాలేదే! తొమ్మిది మంది ఇచ్చారా?"

"దారి అడిగినవాళ్లురా."