ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా సంఘంలో దాన్ని సాక్ష్యం అంటారు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను క్రీస్తును చదివి నమ్మినవాణ్ణి. మన భాష కాని రాష్ట్రంలో, సచిన్ అనే మిల్లుల పేటలో చీరల డిజైన్లు వేసే ఉద్యోగం నాది. భోజనాల దగ్గర ఒక తోటి ఉద్యోగితో వాదనకు దిగి, అతన్ని ఓడించడానికని బైబిలు చదవగా చదవగా నేనే ఓడిపోయాను. కలలు రాలేదు, కన్నీళ్లు రాలేదు. నిజమనిపించింది, ఒప్పుకున్నాను. అది చాలదా? మా తెలుగు సంఘానికి చాలలేదు. ప్రభువు నిన్ను ఎప్పుడు తాకాడని వారం వారం అదే ప్రశ్న. అనుభవం లేనిదే బాప్తిస్మం లేదన్నారు సంఘపెద్ద. బుర్రతో నమ్మింది బుర్రలోనే ఉండిపోతుందట. విని విని విసుగెత్తిపోయింది.

లాక్‌డౌన్‌లో ప్రార్థనలు ఫోన్‌లోకి వచ్చాయి. అప్పుడే నాకు కరోనా సోకింది. కోసాడ్‌లో మాది ఒక గది, ఒక వంటిల్లు. దగ్గరికి రావద్దని ఎంత చెప్పినా నా భార్య వినలేదు. ముక్కుకు కొంగు చుట్టుకుని తడిగుడ్డలు మార్చింది, మాటిమాటికీ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం మాత్రలతోనే దిగింది. నేను లేచి కూర్చున్న వారం, ఫోన్‌లో మళ్లీ అదే ప్రశ్న. వీళ్లకు కావలసింది ఇదేగా, తీసుకోండి అనుకున్నాను. వెలుగు కనబడిందనీ, ఒక చల్లని చెయ్యి నుదుటిని తాకగానే జ్వరం విడిచిందనీ చెప్పాను. అందరూ ఏడ్చారు. ఆ చేతికి గాజులున్నాయని మాత్రం చెప్పలేదు.

నా వెంట ప్రార్థనకు వచ్చి, ఆ విశ్వాసాన్ని నాకంటే గట్టిగా పట్టుకున్న మనిషి ఆమె. వంటింట్లో నిలబడి అంతా విన్నది. ఫోన్ పెట్టేశాక వచ్చింది.

"ఆయన వచ్చిన యాళ్లకు నేను వంటింట్ల ఉన్న గావచ్చు. నాకెందుకు గనవడలె? నాల ఏం తప్పున్నది?"

"తప్పేం లేదు. జర గట్టిగ ప్రార్థన చెయ్యి," అన్నాను. పైగా అడిగినందుకు విసుక్కున్నాను కూడా.

ఆమె చెయ్యి పట్టుకుని ఇదే అని చెబితే నా సొమ్మేం పోయేది? పరువు పోయేది. దానికోసం నోరు మూసుకున్నాను.

ఆంక్షలు తీశాక నాకు బాప్తిస్మం ఇచ్చారు. మీ ఆయన సాక్ష్యం ఇంటికంతటికీ చాలు, నువ్వూ నీళ్లలోకి దిగమ్మా అన్నారు సంఘపెద్ద. రాని అనుభవాన్ని వచ్చిందని ఎట్లా చెబుతానంది ఆమె. నా పొడిబట్టలు పట్టుకుని గట్టునే నిలబడింది.

ఇప్పటికీ శుక్రవారాలు ఉపవాసం ఉంటుంది. దేవుడు తనను వద్దనుకున్నాడని ఆమె నమ్మకం. నిజమని తేలినదాన్ని ఒప్పుకునేవాణ్ణని విర్రవీగిన నేను, రోజూ ఆమె వడ్డిస్తే తిని, ఏమీ చెప్పకుండా లేస్తాను. ఇప్పుడు చెబితే ఆమె విశ్వాసం కూలిపోతుందని సాకు వెతుక్కుంటాను. సాకులకేం కరువు? కూలేది నేను, ఆమె కాదు.

నాకు ఏ వెలుగూ కనబడలేదు. నన్ను తాకింది నా భార్య. ఈ రెండు ముక్కలు రాసేసరికి గుండె తేలికపడింది. ఆ తేలిక మీద కూడా నాకు చిరాకే. అది దక్కాల్సింది నాకు కాదు. వంటింట్లో ఆమె ఇంకా మోకాళ్ల మీదే ఉంది.