ఈశాన్యానికి పారిన ఉప్పునీళ్లు

ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మా అపార్ట్‌మెంట్. దానికో స్విమ్మింగ్ పూల్. ఉప్పునీళ్ల పూల్. నీళ్లలో ఉప్పు కలిపితే మిషన్ ఆ ఉప్పు నుంచే క్లోరిన్ తయారు చేసుకుంటుంది. మా కమిటీకి ఈ సంగతి చుట్టాల దగ్గర గొప్ప చెప్పుకోవడానికే తప్ప అర్థమైనట్టు లేదు.

పోయిన వేసవిలో పూల్ తగ్గిపోవడం మొదలైంది. సాయంత్రం నింపితే మర్నాటికి టైల్స్ బయటపడేవి. ఉప్పు బస్తాలకు బస్తాలు పోసినా, తక్కువైందని మిషన్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. నీళ్లు పాకుడు పట్టాయి.

కమిటీ ప్రెసిడెంట్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. అంచు పట్టుకుని చూసి పట్టో కాదో చెప్పేస్తాడు కాబట్టి, లోకంలో అన్నీ అలాగే తెలిసిపోతాయని ఆయన నమ్మకం. మీటింగ్ పెట్టి దొంగలను తేల్చేశాడు. పొద్దున ఆడవాళ్లకే వదిలే గంటలో, అంటే లేడీస్ టైంలో, పూల్‌కు వెళ్లేవాళ్లమే ఆ దొంగలం.

"ఆడోళ్లు చుడీదార్లతోని దిగుతున్నరు. గా బట్టలు పిండితే సగం పూల్ ఒస్తది. లేడీస్ టైం బంద్ జేద్దాం."

విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ సెక్రటరీ దానికి కాస్త చదువు అద్దాడు. "మిగతాది ఎండకి ఆవిరైపోతుందండీ. ఉప్పు కూడా దాంతోపాటే పోతుంది." మగవాళ్లంతా తలలూపారు. వాళ్లలో ఒక్కడూ ఎన్నడూ పప్పుచారు మరిగించి ఉండడు.

నాకు ఈత రాదు. గట్టున పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. వెళ్లేది అమ్మ కోసం. మోకాళ్లు అరిగాయి, నీళ్లలో నడవమని దవాఖానలో చెప్పారు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే అమ్మ, ఆ గంటసేపు ఏదీ పట్టుకోకుండా నడిచేది. మగవాళ్లు ఉంటే దిగదు. లేడీస్ టైం పోతే ఆ నడకా పోయినట్టే.

మీటింగ్ అయ్యాక ఇంటికొచ్చి డైరీలో వాళ్లను తిట్టుకున్నాను. మర్నాడు బకెట్‌లో పూల్ నీళ్లు నింపి, పూల్ మెట్టు మీదే నిలబెట్టి, బకెట్‌లో నీళ్లున్న చోట ఒక గీత, బకెట్ బయటివైపు పూల్ నీళ్లు తగిలిన చోట ఒక గీత గీశాను. ఎండ రెండింటికీ ఒకటే. సాయంత్రానికి బకెట్‌లో గోరంత తగ్గింది. పూల్‌లో బెత్తెడు.

అంటే నీళ్లు ఎక్కడికో పారుతున్నాయి. పెద్దగా వెతకాల్సిన పని కూడా పడలేదు. ఈశాన్యం మూల క్రోటన్ మొక్కలు మాడిపోయి ఉన్నాయి, మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. దిష్టి తగిలిందని ప్రెసిడెంట్ ఆ మొక్కలకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. ఫిల్టర్ కడిగిన నీళ్లు బయటికి పోయే పైపు అక్కడే ఉంది. మొదట అది నైరుతిలో ఉండేది. ఎండలు ముదరకముందు ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి, నీళ్లు ఈశాన్యానికే పోవాలని, ధార తెగకూడదని చెప్పాడు. పైపు మళ్లించి, దాని వాల్వు పూర్తిగా మూయకుండా వదిలేశారు. కమిటీలో ఇది తెలియనివాడు లేడు.

అమ్మను వెంటబెట్టుకుని ప్రెసిడెంట్‌నూ సెక్రటరీనీ ఆ మూలకు తీసుకెళ్లాను. పైపులోంచి ధార ఆగకుండా పడుతోంది. దాన్ని చూపించి చెప్పాను.

"అంకుల్, ఆవిరైతే నీళ్లే పోతయి, ఉప్పు పోదు. ఉప్పు గూడ తగ్గుతుందంటే గిట్ల పారుతున్నట్టే. లీక్ ఇదే."

"గిది లీక్ ఎట్లయితది బిడ్డా? గిది వాస్తు."

"అట్లయితే మీ ఇంట్ల నల్లా గూడ ఇప్పి పెట్టుండ్రి అన్నా," అంది అమ్మ. "మస్తు కలిసొస్తది."

సెక్రటరీ నవ్వాడు. ఆ నవ్వుకే ప్రెసిడెంట్ వాల్వు మూయించాడు, నా ఉప్పు లెక్కకు కాదు. నీళ్లు ఉన్నచోటే నిలబడ్డాయి. మళ్లీ ఉప్పు పోశాక ఎర్ర లైటు ఆరింది. వాస్తు ప్రకారం పైపు మార్చినందుకే పూల్ కుదుటపడిందని ఆయన వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టారు. లేడీస్ టైం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ పొద్దున్నే చేతులు వదిలేసి నడుస్తోంది.

ధార తెగినందుకు పరిహారంగా ఈశాన్యంలో ఇత్తడి బిందె పెట్టించారు. నిండా నీళ్లు. అందులో దోమపిల్లలు పొద్దస్తమానం ఈదుతున్నాయి. వాటి టైం మీద కమిటీకి ఏ అభ్యంతరమూ లేదు.