వందన సమర్పణలో లేని పేరు

ముప్పయ్యేళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను, ఒక్కరూ పట్టించుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజుల్లో, పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, దేవుని మాట జనానికి ముందుగా నల్లబల్ల మీద కనిపించేది. లూథరన్ చర్చి గేటు పక్కనే ఉండేది ఆ బల్ల. తెల్లవారేసరికి దాని మీద ‘నేటి ధ్యానం’ అని ఆరేడు వాక్యాలు సుద్దతో రాసి ఉండాలి. కలుపుకి వెళ్ళే ఆడవాళ్ళు, పాలక్యాన్ల సైకిళ్ళవాళ్ళు ఆగి చదువుకుని (చదువు రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకుని) పనుల్లోకి పోయేవారు. తొంభైల్లో, నేను కొత్తగా బడిపంతులునైన ఏడాది, అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ పని నాకు అప్పగించారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని కారణం చెప్పారు. నా భక్తి గురించి మాత్రం ఏమీ అనలేదు. అదీ నాకు గుర్తుంది.

ఏడాదంతా ఒక్కరోజు మానకుండా రాశాను. జ్వరంలో రాశాను. తుఫాను రోజున గొడుగు పట్టుకుని రాశాను (పది నిమిషాల్లో అంతా కొట్టుకుపోయింది, అది వేరే సంగతి). క్రిస్మస్ ఆరాధన చివర వందన సమర్పణ వచ్చింది. చదివేది సంఘం సెక్రటరీ. ఆయనతో మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ, వీధి వీధంతా ఆయన్ని పెదనాన్న అనే పిలిచేది. రంగు కాగితాలు అంటించినవాళ్ళకి, మైకుసెట్టు వాళ్ళకి, నక్షత్రం కట్టడానికి నిచ్చెన ఇచ్చిన ఇంటివారికి, ఆ నిచ్చెన కదలకుండా పట్టుకున్నాయనకి కూడా పేరుపేరునా వందనాలు చెప్పారు. నా పేరు లేదు.

“మర్చిపోయుంటార్లేరా,” అంది పక్కనున్న అమ్మ.

నిచ్చెన గుర్తుండి, నేను గుర్తులేకపోవడమేమిటి?

ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాస కాలం వచ్చింది. నలభై రోజులు, నలభై ధ్యానాలు. అన్నీ పెదనాన్న కోసమే రాయాలని తీర్మానించుకున్నాను. పేరు పెట్టను. కానీ ఆయన చదివి, సిగ్గుపడి, నా దగ్గరికి వచ్చి ‘పొరపాటైందిరా’ అనాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు. ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగుల్లో ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన సంగతితో మొదలుపెట్టి, ‘నీకోసం చీకటితోనే లేచే మనిషిని నువ్వెన్నడైనా తలచావా?’ అని ముగించాను. గేటు వెనక నక్కి నిలబడ్డాను.

పెదనాన్న వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, ఆగిన ఆడవాళ్ళందరికీ వినబడేలా చదివారు.

“ఎంత బాగా రాశాడర్రా! అచ్చంగా మా బావమరిది గురించే! ఆడి పెళ్ళికి నెల్రోజులు చీకటితోనే లేచి తిరిగాను. ఒక్క మంచిమాటన్నాడా?”

“మా గురించేనండి బాబూ,” అంది ఒకామె, కళ్ళు తుడుచుకుంటూ. “నేను పన్లోకెళ్ళాలని మా అత్త లేచి అన్నం కడతాదండి. ఒక్కరోజూ ఆవిడ మొహం చూసి నవ్వలేదు నేను.”

ఆ సాయంత్రం ఆమె అత్తకి పకోడీల పొట్లం పట్టుకెళ్ళిందని తెలిసింది. నేను గురిపెట్టిన మనిషికి తప్ప ఊళ్ళో అందరికీ తగులుతోంది. నేను తగ్గలేదు. గర్వం మీద రాశాను, ముందు బెంచీల్లో కూర్చునేవాళ్ళ మీద రాశాను. మతిమరుపు మీద రాశాను (దాని మీద ధ్యానం రాసినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో). పెదనాన్న ప్రతిదీ కార్డు మీదకి ఎక్కించి తునిలో ఉన్న బావమరిదికి పోస్టు చేసేవారు. పెళ్ళినాటి మాటపట్టింపుతో వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

అయిదో వారంలో ఆ బావమరిది మామిడికాయల సంచితో బస్సు దిగాడు. “బావా, నేను ఒక్క ఉత్తరం ముక్క రాయకపోయినా రోజూ నాకోసం వాక్యం రాశావు. తప్పు నాదే,” అని నల్లబల్ల ముందే కావలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను చేతిలో సుద్దముక్కతో చూస్తూ నిలబడ్డాను.

కథ అక్కడితో ఆగలేదు. గుడ్ ఫ్రైడేనాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం మా ఆనవాయితీ. “మా ఇల్లు కలిపింది ఈడేనండి, మొదటి మాట ఈడికే ఇవ్వండి,” అని పెదనాన్న అయ్యగారి దగ్గర పట్టుబట్టారు. మొదటి మాట క్షమాపణ. మిగతా ఆరింటిలో ఏదిచ్చినా నెట్టుకొచ్చేవాణ్ణి. దాహం మీదైతే అరగంట మాట్లాడేవాణ్ణి.

ప్రసంగ వేదిక ఎక్కాను. ఎదురుగా బావా బావమరుదులు ఒకే పాటల పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. “క్షమించడమంటే...” అన్నాను. ఆ తర్వాత ఎంత వెతికినా మాట దొరకలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చిందనుకుని సంఘమంతా ‘ఆమేన్’ అంది. దిగిపోయాను. అంత చిన్న ప్రసంగం మళ్ళీ వినలేదని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

బయటికి రాగానే ఇక ఉగ్గబట్టలేక అడిగేశాను. “పెదనాన్నా, క్రిస్మస్ నాడు వందన సమర్పణలో నా పేరెందుకు చదవలేదండి?”

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “నీకు వందనాలేంట్రా? బయటోళ్ళకి చెప్తాం గానీ ఇంట్లో కుర్రోడికి చెప్తామా? మీ అమ్మ అన్నం పెట్టినప్పుడల్లా లేచి వందనాలు చెప్తున్నావా ఏంటి?”

చెప్పడం లేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి భోజనానికి తీసుకుపోయారు. ఈస్టరు ధ్యానం ఎవరి మీదా గురిపెట్టకుండా రాశాను (చప్పగా ఉందని ఎవరూ ఆగలేదు).

పెదనాన్న ఇప్పుడు లేరు. తర్వాత ముగ్గురు సెక్రటరీలు మారారు. నేను రాస్తూనే ఉన్నాను, నా పేరు చదవకుండా వాళ్ళూ చదువుతూనే ఉన్నారు. అడిగితే ముగ్గురూ “చూద్దాం మాస్టారూ” అని నవ్వి తప్పుకున్నారు. జుట్టంతా నెరిసినా, ప్రతి క్రిస్మస్‌కీ ఆ జాబితా చివరిదాకా చెవులు రిక్కించి వింటాను. ఇంటికి వెళ్తూ దారిలో నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. కానీ ప్రశ్న ప్రశ్నే. మర్చిపోయి చదవడం లేదా, ఇంటివాణ్ణని చదవడం లేదా? రెండోదైతే నాకే ఫిర్యాదూ లేదు. ఆ మాట పెదనాన్న తర్వాత మళ్ళీ ఎవరూ పైకి అనలేదు, అంతే. ఇది చదివే మా సంఘంవారూ, ఈ క్రిస్మస్‌లోగా మీలో ఎవరో ఒకరు నా మొహం చూసి జవాబు చెప్పి తీరాలి.