అర శ్రుతి తక్కువ గిటారు

మొన్న హాల్లో ఫ్యాను మూలుగుతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. అతను నిచ్చెనెక్కి, రెండు చేతులతో ఫ్యాను పట్టుకుని, నోట్లో స్క్రూడ్రైవర్ కరుచుకుని ఉండగా చొక్కా జేబులో ఫోను మోగింది. అతనికి ఫోను తీసే వీలు లేదు, నాకు నిచ్చెన వదిలే వీలు లేదు. అందుకని ఆ రింగ్‌టోన్ మొదటి నుంచి చివరి దాకా ఇల్లంతా మోగింది. అది ఒక గిటారు ముక్క. నాలుగో సెకను కల్లా నా చేతులు నిచ్చెన సంగతి మరిచిపోయాయి. "అమ్మగారూ, గట్టిగా పట్టుకోండి!" అని అతను స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య నుంచే కేకేశాడు. దిగాక, ఆ గిటారు ఎవరిదో తెలుసా అని అడిగాను. "తెలీదండి, మా బావమరిది పెట్టాడండి. బాగుంటదని ఉంచేశానండి" అన్నాడు. పెట్టుకున్నవాడు తెలుసుకోవద్దా అని నాలుగు మాటలన్నాను. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని తిట్టిన నోరు, రిటైరయినా ఊరుకోదు. పాపం, అతని తప్పేముంది? నలభై ఏళ్లుగా ఆ పాట విన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు గనక.

అది మా బాబాయిది. మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. తణుకులో కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు. పగలు లాకుల మరమ్మతుల ఫైళ్లు, సాయంత్రం బ్యాండు. ఆ రోజుల్లో ఎలక్ట్రిక్ గిటారంటే మా పేటలో సగం మందికి షాకు కొడుతుందని భయం. మా పాస్టరుగారైతే దాన్ని "ఆ అరుపుల కర్ర" అనేవారు. బ్యాండులో అయిదుగురు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించేవారు. అందరూ భోజనాలకు లేచి, ఎదురుగా ఖాళీ కుర్చీలు మిగిలాక మాత్రం బాబాయి తన సొంత పాటలు మొదలుపెట్టేవారు. మాటలూ ఆయనవే, వరసా ఆయనదే. వినేవాళ్లు వడ్డించేవాళ్లు, నేను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆయన పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రేవు పాట. రేవు దాటించే ఆఖరి పంటు వెళ్లిపోయాక గోదావరి ఒడ్డున మిగిలిపోయిన మనిషి పాట అది. మధ్యలో మాటలు ఆగి గిటారు ఒక్కటే వస్తుంది, ఆ రింగ్‌టోన్ ముక్క అదే. లాకు తలుపులెత్తగానే కాలవలోకి నీళ్లు దూకినట్టుండేది. ఆకు ముందు కూర్చుని అన్నం కలపడం మరిచిపోయేదాన్ని.

రేవు పాటతో కలిపి వాళ్లది ఒక్కటే క్యాసెట్ వచ్చింది. అట్ట మీద బ్యాండులో పాడినాయన ఫోటో. బాబాయి పేరు లోపలి కాగితం మీద, అది కూడా ఇంటి పేరు మొదటి అక్షరం తప్పు వేసి. పాడినాయన్ని ఆ తర్వాత అందరూ పిలిచారు, శాలువాలు కప్పారు. బాబాయి ఒక్క మాట అనలేదు. ఆయన బదులు నేను అన్నాను, ఇంట్లో, గోడలకి. తర్వాత బ్యాండు విడిపోయింది. ఆయన చాలా ఏళ్లు ఇంట్లో తన కోసం వాయించుకుని, ఒకనాటికి అదీ మానేశారు. ఎందుకని అడిగితే, "ఇంక చాల్లేమ్మా" అనేవారు.

కొన్నేళ్ల కిందట నా ఫోనుకి ఒక ఫ్లెక్సీ బొమ్మ వచ్చింది. ఎవరో ఎవరికో పంపితే తిరిగి తిరిగి నా దాకా చేరింది. పాలకొల్లులో అభిమానుల సభ. మధ్యలో బెల్‌బాటమ్ ప్యాంటుతో మా బాబాయి. ఆ ఫోటోకి బంతిపూల దండ, ముందు దీపం, పైన పెద్ద అక్షరాలతో "కీర్తిశేషులు." లూథరన్ ఇంట్లో పుట్టిన మనిషికి దీపం పెట్టినందుకు నవ్వాలో, బతికున్న మనిషికి దండేసినందుకు ఏడవాలో తెలియలేదు. ఆ రోజు పొద్దున్నే ఆయన నాకు ఫోను చేసి, పులస చేప ఇంకా రాలేదేంటని బెంగపడ్డారు.

కింద నంబరు ఉంటే చేశాను. అవతల నరసాపురం వైపు చేపల వ్యాపారి. సభ పెడుతున్నది ఆయనే, ఆ క్యాసెట్‌ని యూట్యూబులో పెట్టిందీ ఆయనే. బాబాయి బతికే ఉన్నారంటే నమ్మడే! "లేదండి, మీరు పొరపాటు పడుతున్నారండి. వారు పోయి చాన్నాళ్లయిందండి. నేను ఏటా సమాధుల పండక్కి తణుకెళ్లి పూలు పెట్టొస్తానండి" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మా పిన్ని పోయినప్పుడు బాబాయి ఇద్దరికీ కలిపి ఒకే సమాధి కట్టించారు. పిన్ని పేరు పక్కనే తన పేరు కూడా చెక్కించి, తారీఖు చోటు ఖాళీగా వదిలేశారు. మావాళ్లలో అలా చేయించుకునేవాళ్లున్నారు. ఆ వ్యాపారిది సముద్రం మీదికెళ్లే కులం, మా మతం కాదు. ఆ పద్ధతి ఆయనకేం తెలుసు? ఖాళీ చోటు చూసి, తారీఖు వేయించేవాళ్లు కూడా లేకపోయారే అని బాధపడ్డాడట. ఇవతల మా బాబాయేమో, "ఎవరో నా వైపు కూడా పూలు పెట్టి పోతున్నారమ్మాయ్" అని ఏటా నాతో అనేవారు. సంగతి చెప్పాను. ఆ మనిషి భోరుమన్నాడు. "ఒక్కసారి తీసుకురండమ్మా. ఆ రేవు పాట గిటారు ముక్క వారి చేత్తో వినాలండి" అన్నాడు.

బాబాయి రానంటారనుకున్నాను. వస్తానన్నారు. నాకు సంతోషంతో కాలు నిలవలేదు. వాయిస్తారని నా అంతట నేనే ఆ వ్యాపారికి మాటిచ్చేశాను. నా తొందర బుద్ధి అలాంటిది.

ఆదివారం ఆరాధన అయ్యాక కార్లో బయల్దేరాం. ఆయన ఎడమ చేయి రుమాల్లో పెట్టుకుని కూర్చున్నారు. పెనుగొండ దాటాక రుమాలు తీసి నాకు చూపించారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు సగమే వంగుతున్నాయి. తొమ్మిదేళ్ల కిందట కాలవ గట్టు మీద స్కూటరు జారిందట. కట్టు విప్పాక ఇంతేనట. ఆయన వాయించడం మానేసింది అందుకని ఇన్నేళ్లకి తెలిసింది నాకు. ఆ ముక్కంతా ఆ రెండు వేళ్ల మీదే నడుస్తుంది.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్! నేను మాటిచ్చేశాను" అని అరిచాను.

"చెప్తే నువ్వు వద్దంటావు. పోయాననుకున్నవాళ్ల ముందుకి వెళ్లకపోతే పోయినట్టే కదమ్మా" అన్నారు.

వెనక్కి తిప్పమని డ్రైవరుకి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. పాలకొల్లు వచ్చేసింది.

చిన్న కల్యాణ మండపం. నూట యాభై మంది దాకా ఉన్నారు. ఖాళీ కుర్చీలకు వాయించిన మనిషి లోపలికి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. "కీర్తిశేషులు" అన్న మాట మీద తెల్ల కాగితం అంటించారు గానీ దండ అలాగే ఉండిపోయింది. ఒకాయన వచ్చి, ఆ క్యాసెట్ రోజుకోసారైనా వినకుండా నిద్రపోనని చెప్పాడు. ఇంకొకాయన చొక్కా జేబులోంచి ఆ ముక్క స్వరాలన్నీ రాసుకున్న కాగితం తీసి, తప్పులుంటే దిద్దమన్నాడు. నాకు ఇవేవీ పట్టలేదు. ఆ రెండు వేళ్ల వంకే చూస్తున్నాను. ఈ నూట యాభై మంది ముందు ఆయన చెయ్యి ఆగిపోతే తీసుకొచ్చిన పాపం నాది. నలభై ఏళ్ల తర్వాత దొరికిన గౌరవం అరగంటలో జాలిగా మారిపోతుంది.

గిటారు చేతికిచ్చారు. ఫోనులో చూసి బాగా శ్రుతి చేసి ఉంచామన్నారు. బాబాయి మొదటి రెండు స్వరాలు పలికించారు. వేలు తీగ మీద నిలవలేదు, కిర్రుమంది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. ఆగిపోయారు. ముందు వరసలో చేపల వ్యాపారి తల వంచుకున్నాడు. నాకు పరుగెత్తుకెళ్లి ఆ గిటారు లాక్కుని ఆయన్ని బయటికి తీసుకుపోవాలనిపించింది. లేచాను కూడా.

బాబాయి మైకు దగ్గరికి వంగి, "ఇది బాగా ఎక్కువ శ్రుతిలో ఉందండి" అన్నారు. యూట్యూబులో కూడా ఇదే శ్రుతి అని వ్యాపారి కింద నుంచి అన్నాడు. టేపు సాగి నెమ్మదిగా తిరుగుతోందని తనే వేగం పెంచి పెట్టాడట. "టేపు సాగలేదండి. మా చర్చి హార్మోనియం తుఫాను నీళ్లలో నానింది. అప్పట్నుంచి అర శ్రుతి తక్కువ పలికేది. మా పేటలో ఇంకో వాయిద్యం ఎక్కడిది? దాని దగ్గరే నా గిటారు శ్రుతి చేసుకునేవాణ్ణి. ఊరంతా దానికే పాడింది, నేనూ అంతే" అన్నారు. హాలంతా ఒక్కసారి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆయన కళ్లు మూసుకుని, ఎప్పుడో పాతసామానులోకి పోయిన ఆ హార్మోనియాన్ని మనసులో వింటూ, ఒక్కో తీగా వదులు చేశారు. ఆరు తీగలకీ అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కరు కదల్లేదు.

ఈసారి తీగలు మెత్తగా లొంగాయి. రేవు పాట మొదలైంది. పాత వేగం లేదు. అయినా ఆ నీళ్లు అవే. నేను కూర్చున్నాను. వ్యాపారి కళ్లు తుడుచుకోవడం కూడా మానేసి వింటున్నాడు. ముక్క చివరికొచ్చింది. అక్కడ నాలుగు స్వరాలు గబగబా పైకెక్కుతాయి. ఆ నాలుగూ చిటికెన వేలివే. బాబాయి అక్కడ చెయ్యి ఆపేశారు. తప్పించుకోవడానికి ఇంకేదో వాయించలేదు. తలెత్తి, "ఇక్కడికి నా వేలు వెళ్లదండి. మీకు తెలుసు కదా ఇక్కడ ఏముందో" అన్నారు.

నూట యాభై గొంతులు ఆ నాలుగు స్వరాలూ పాడాయి. ఒక్కటి తప్పలేదు. బాబాయి మిగతా పాట పూర్తి చేశారు.

తిరుగు ప్రయాణంలో ఆయన సీటు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. తణుకు చక్కెర ఫ్యాక్టరీ వాసన మొదలయ్యేసరికి మెల్లిగా అన్నారు: "పదేళ్ల కిందట పిలిచి ఉంటే మొత్తం వాయించేవాణ్ణమ్మాయ్."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కానీ అప్పుడైతే వాళ్లు పాడేవాళ్లు కాదు" అన్నారు, కళ్లు తెరవకుండానే.

ఆయన ఆ తర్వాత ఏడాదే ఉన్నారు. ఆ గౌరవం అంత ఆలస్యంగా వచ్చినందుకు కాలం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయనకు మాత్రం ఆ కోపం తణుకు చేరేలోపే పోయింది.