అత్త వంతు దగ్గర ఆగిన ఆట

మా అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను బ్రాడ్‌వే నుంచి పెరంబూరు వచ్చే బస్సులో నిలబడి ఉన్నాను. "అమ్మ పోయింది" అన్నాడు మా ఆయన. అలాంటప్పుడు కోడలికి ఏం గుర్తు రావాలో నాకు తెలియదు గాని, నాకు మాత్రం ముందుగా మా హాల్లోని బల్ల గుర్తొచ్చింది. దాని మీద సగంలో ఆగిన ఆట, అత్త కుర్చీ ముందు చెక్క పట్టీలో నిలబెట్టిన ఆమె కార్డులు. వంతు ఆమెది. ఇక ఆ వంతు ఎవరు ఆడతారు అనుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను చెప్పేవి పచ్చీసు, వైకుంఠపాళి లాంటివి కావు. ఇప్పుడు పెద్ద పెద్ద పెట్టెల్లో వస్తున్న ఆటలు. లోపల మడత విప్పే బోర్డు, కట్టలకొద్దీ కార్డులు, రంగురంగుల చెక్క ముక్కలు, ఒక చిన్న పుస్తకమంత నియమాలు ఉంటాయి. డెబ్బై దాటిన ముసలామె వాటిని ఆడడం ఏమిటని మా బంధువుల్లో చాలామంది నవ్వారు. నవ్వితే నవ్వారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆదివారం మధ్యాహ్నం ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది.

మా ఇల్లూ అలాగే ఉండేది. నాకూ అత్తకూ గొడవలు లేవు. గొడవలుంటే బాగుండేదేమో, కనీసం మాట్లాడుకునేవాళ్ళం. "పాలు వచ్చినాయా?" "వచ్చినాయత్తా." "నీళ్ళ లారీ?" "ఇంకా రాలే." పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ సంభాషణ పాప పుట్టి, పెరిగి, హైస్కూలుకు వెళ్ళేదాకా అలాగే సాగింది. ఆమె చెడ్డ మనిషి కాదు, నేనూ కాదు. ఒకే వంటింట్లో ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా తిరగడం బాగా నేర్చుకున్నాం, అంతే.

జార్జి టౌన్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఒకమ్మాయి ఊరు మారుతూ తన దగ్గరున్న ఆట పెట్టె ఒకటి నాకిచ్చి పోయింది. పట్టణాల మధ్య రైలు దారులు వేసే ఆట. ఆదివారం పాపా, మా ఆయనా, నేనూ నేల మీద పరుచుకుని కూర్చున్నాం. కార్డులు కనపడగానే అత్త మొహం మాడిపోయింది.

"పేకలు తెచ్చినావా ఇంట్లోకి?"

మా మామ రైలు పెట్టెలు చేసే కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో పేక ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేచేవాడు కాదట. ఆయన పోయి ఏళ్ళు గడిచినా ఆ మాట ఇంట్లో వినపడకూడదు. ఇది పేక కాదని మా ఆయన ఎంత చెప్పినా ఆమె వినలేదు. వంటింటి గడపలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని మమ్మల్ని గుర్రుగా చూసింది. చూసింది, చూసింది, చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఆ పిల్ల పోవాల్సింది అట్టా కాదు. ఈ పక్కనించి లైను ఏస్తే రెండు ఊర్లు కలుస్తాయి గదా! ఎన్న ఆటో, ఏం ఆడతారో ఏమో."

మరుసటి ఆదివారానికి ఆమె మాతో పాటు కూర్చుంది. ఆ తర్వాతి ఆదివారానికి, నేల మీద మోకాళ్ళు నొప్పని, బీరువా పక్కనున్న పాత బల్లను హాలు మధ్యకు లాగించింది. చెక్క ముక్కలు కలిసిపోతున్నాయని ఇడ్లీ పళ్ళెం తెచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు పోసింది. మా ఇంట్లో ఆదివారాలు ఇడ్లీ మానేసింది అందుకే. ఆ ముక్కల్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఆలోచించడం ఆమెకు ఇష్టం. ఫోన్లో కూడా ఇవే ఆటలున్నాయని మా ఆయన ఒకసారి చూపిస్తే, చెయ్యి అడ్డం పెట్టింది. "దాంట్లో ఎదురుగా ఎవురుండారు? ఎవురి మొహం చూసేది?"

ఈ ఆటల్లో అంత ఏముందని అడిగేవాళ్ళకు నాకు తోచింది ఒకటే. బల్ల ముందు కూర్చున్నాక వరసలు పోతాయి. అత్తకైనా, కోడలికైనా, మనవరాలికైనా అన్నే కార్డులు, అన్నే ముక్కలు. ఇంట్లో ఆమె దారికి అడ్డం రావాలంటే నాకు గుండె చాలేది కాదు. బల్ల మీద మాత్రం ఆమె దారి మూసేసి, మొహంలో మొహం పెట్టి నవ్వేదాన్ని. ఆమె పళ్ళు కొరికేది. "ఉండు, నీ పని చెప్తా" అనేది, చెప్పేది కూడా. ఒకసారి నేను ఏదో కష్టపడి కట్టుకున్నదంతా ఒక్క కార్డుతో కూలగొట్టింది. నేను ఉక్రోషం పట్టలేక "ఏందత్తా, కోడల్ని ఇట్టా చేస్తావా?" అనేశాను. అప్పటిదాకా ఆమెను నేను 'మీరు' తప్ప అనలేదు. ఆమె అది పట్టించుకోనే లేదు. "ఈడ నువ్వు కోడలివి కాదు. ఈడ నువ్వు ఆకుపచ్చదానివి" అంది. నా ముక్కల రంగు ఆకుపచ్చ.

ఆ కోపాలన్నీ ఆట అయ్యాక ముక్కలతో పాటు పెట్టెలోకి పోయేవి. పెట్టె మూశాక ఇంకా మిగిలిన మాటలు మాత్రం వంటింట్లోకి వచ్చేవి. "నువ్వు ఆడ వంతెన కట్టకుండా ఉండింటే నేను ఎట్టా గెలిచేదాన్ని?" అని ఆమె అంటే, కాదు నా తప్పు అంతకు ముందే జరిగిందని నేను అనేదాన్ని. కూర మాడినా చూసుకోకుండా మాట్లాడుకునేవాళ్ళం. పాలు, నీళ్ళ లారీ దాటి నేనూ మా అత్తా మాట్లాడుకోవడం అలా మొదలైంది.

అత్త ఒక కట్టుబాటు కూడా పెట్టింది. గెలిచినవాళ్ళే కాఫీ పెట్టాలి. "ఓడినోళ్ళకి లేయబుద్ధి కాదు, పాపం" అనేది. ఎక్కువసార్లు ఆమే గెలిచేది కాబట్టి ఎక్కువసార్లు ఆమే పెట్టేది. మనవరాలని కూడా జాలి చూపేది కాదు. పాప చిన్నబుచ్చుకుంటే నేను "ఒక్కసారి గెలవనీండత్తా" అన్నాను. "నేను ఓడినట్టు నటిస్తే అది నాతో ఆడినట్టా? ఉత్తదే" అంది. పాప మొదటిసారి నిజంగా ఆమెను ఓడించిన రోజు, అది పెట్టిన నీళ్ళ కాఫీని అత్త ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.

ఆమెకు అన్నిటికన్నా నచ్చింది ఆఖరున కొన్న ఆట. అందులో ఒకరి మీద ఒకరు ఆడరు. నది ఒడ్డున ఒక ఊరు, ప్రతి వంతుకూ నీళ్ళు పైకొస్తుంటాయి. అందరూ కలిసి ఊరిని గట్టెక్కించాలి, లేదా అందరూ కలిసి ఓడిపోవాలి. ఒక ఆదివారం జరిగింది తర్వాతి ఆదివారానికి కథగా సాగుతుంది. మధ్యలో గెలిచినప్పుడల్లా సీలు వేసిన చిన్న అట్టపెట్టె ఒకటి తెరవాలి, అందులోంచి కొత్త మనుషులో కొత్త పడవలో వస్తాయి. ఆ ఆటలో అత్త పడవ నడిపేది. మా ఇంట్లోకి వరద నీళ్ళొచ్చిన ఏడు ఆమె మా మామను కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి ఎక్కించిందట. బోర్డు మీద నీళ్ళు కదిలితే ఆమె మొహం నిజంగానే మారిపోయేది. "ముందు కింద ఇండ్లోళ్ళని దాటియ్యాల. సామాన్లు తరవాత" అనేది.

ఆ ఆటలో ఒక చిక్కుంది. అందరం ఒకే పక్షమైనా ఎవరి కార్డులు ఎవరికీ చూపకూడదు. పక్కవాళ్ళ చేతిలో ఏముందో తెలియకుండానే నమ్మి అడుగు వెయ్యాలి. మజా అంతా అందులోనే ఉంది. మా ఆయనకు కిట్టనిదీ అక్కడే. ఆయనకు తొంగి చూసే పాడు అలవాటు. నీళ్ళు తాగే వంకతో లేచి, తల్లి వెనకగా వచ్చి మెడ సాచేవాడు. అత్త వెనక్కి చూడకుండానే చెయ్యి విసిరేది, అది సరిగ్గా ఆయన మోకాలికి తగిలేది. "చిన్నప్పట్నించీ ఇంతే. దొంగ నాయాలు" అనేది. పాప పకపకా నవ్వేది.

తర్వాత ఆమె చేతులు వణకడం మొదలైంది. కార్డులు పట్టుకుంటే జారి వెల్లకిలా పడేవి, అందరికీ కనపడేవి. ఆమెకు అది తలకొట్టేసినట్టుండేది. రెండు వారాలు తలనొప్పి అని సాకు చెప్పి ఆడలేదు. మా ఆయన ఒక చెక్క పట్టీకి పొడుగునా గాడి కోయించి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కార్డులు అందులో ఆమె వైపుకు నిలబడతాయి, పట్టుకోనక్కర్లేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తొంగి చూసేదానికి నీకు వీలుగా చేసుకున్నావా?" అంది. ఆ పూట మళ్ళీ కూర్చుంది.

ఆఖరి ఆదివారం కథ ముగింపుకు వచ్చింది. ఒక్క అట్టపెట్టె మిగిలింది. నీళ్ళు చివరి మెట్టు మీదున్నాయి. వంతు అత్తది. ఆమె తన కార్డుల్ని చాలాసేపు చూసింది. పాప "అవ్వా, సీక్రం" అని తొందరపెడుతోంది. మా ఆయన "తెల్లారిపోతాదమ్మా" అన్నాడు. "తెల్లారనీ. నీకేమన్నా పాలు పిండాల్నా?" అంటూ ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గొచ్చింది. దగ్గు ఆగలేదు. ఆటోలో ఎక్కిస్తుంటే ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకుంది. "బల్ల ఎవురూ కదిలించబాకండి. వచ్చి ఆడతా."

ఆసుపత్రిలో ఆమె ముక్కుకు గొట్టం పెట్టారు. ఒక సాయంత్రం మా ఆయన మంచం పక్కన కూర్చుని, ఆమెను సంతోషపెడదామని, "అమ్మా, ఆ పెట్టె ఈడికి తెచ్చి తెరిచి చూపించేదా?" అని అడిగాడు. అత్తకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"గెలవకుండా తెరిస్తే దాంట్లో ఏముంటాది? ఉత్త అట్ట."

కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచి కొడుకు వైపు చూసింది.

"నా కార్డులు చూసినావు గదా?"

"లేదమ్మా."

"చూసింటావు. నీ సంగతి నాకు తెల్దా?"

ఎగతాళికే అంది, పెదవి చివర నవ్వు కూడా ఉంది. ఆయన మళ్ళీ లేదనబోయేలోపల నర్సు వచ్చి మమ్మల్ని బయటికి పంపేసింది. తల్లీ కొడుకులు మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే అయ్యాయి. ఆయన ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని హాల్లోకి చూసేవాడు, కంచంలో చెయ్యి ఎండిపోయేది. ఏమని ఓదార్చాలి? చూశావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

బల్ల అలాగే ఉంది. పెరుగుతున్న నీళ్ళు, ఒడ్డున ఆమె పడవ, చెక్క పట్టీలో నిలబడ్డ కార్డులు. ఆ కుర్చీ వైపుకు ఎవరమూ వెళ్ళలేదు. నేను ఊడుస్తూ కూడా అక్కడికొచ్చేసరికి తల దించుకుని ఊడ్చేదాన్ని. ఆ కార్డుల్లో మమ్మల్ని గట్టెక్కించేది ఉందో లేదో అటు వైపు ఒక్క అడుగు వేస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఆట అయిపోతుంది. అదొక్కటే ఆమెతో నాకు మిగిలిన మాట. అది కూడా అయిపోతే ఆ ఇంట్లో నేను ఎవరితో పోట్లాడాలి?

కర్మల నాడు పొద్దున వాషర్‌మెన్‌పేట్ నుంచి అత్త తమ్ముడు వచ్చాడు. హాలంతా కలయచూసి, "ఈడ అన్నాలకి ఆకులు ఎట్టా ఏస్తారప్పా? ఆ బొమ్మలన్నీ పెట్టెలో పడేసి బల్ల ఎత్తండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, వచ్చేవాళ్ళు చాలామంది. కాని పాప పరుగున వచ్చి బల్లకు అడ్డం నిలబడింది.

"అది అవ్వ ఆట, తాతా. ముట్టుకోబాకండి."

ఆయన విస్తుపోయి మా మొహాలు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆట ఉన్నది ఉన్నట్టు బల్లతో సహా లోపలి గదిలోకి మోసుకుపోవడం ఒక్కటే దారి. అది ఇద్దరు పట్టాలి. ఒకరు తప్పకుండా అత్త కుర్చీ ఉన్న చోట నిలబడాలి. నేను అటు నడవబోతే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. కుర్చీని మెల్లగా పక్కకు జరిపి ఆ చోట తనే నిలబడ్డాడు.

"నువ్వు చెప్తా ఉండు, నేను వస్తా" అన్నాడు.

ఎందుకు చెప్పమన్నాడో బల్ల లేపాక గాని నాకు తెలియలేదు. ఆయన మొహం పూర్తిగా గోడ వైపు తిప్పేసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, రెప్పల చుట్టూ చర్మం ముడతలు పడేంత గట్టిగా. నేను వెనక్కి నడుస్తూ చెప్పసాగాను. "ఇట్టా రా. మెల్లగా. ఎడమకి కొంచెం. ఇప్పుడు గడప." గడప దగ్గర బల్ల అదిరింది. పడవ కాస్త జరిగింది. పట్టీలో ఒక కార్డు పక్కకు వాలింది.

"పడిందా?"

"లేదు. వాలింది అంతే."

ఆయన కళ్ళు తెరవలేదు. చెక్క పట్టీ గోడ వైపుకు వచ్చేలా బల్ల దింపాం. నేను చేతులు తీసేసినా ఆయన ఇంకా ఆ అంచు పట్టుకునే ఉన్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి. తుడుచుకోలేదు. ఒక చేత్తో గోడ తడుముకుంటూ, గుడ్డివాడిలా పక్కకు అడుగులేసుకుంటూ ఆ బల్ల వెనకనుంచి బయటికి వచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు.

"నేను చూళ్ళేదమ్మా" అన్నాడు. "అప్పుడూ చూళ్ళేదు."